రెండడుగుల బంతి

గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ళ ఆట అనుకునేవాళ్ళు ఒకసారి హెస్లర్ వచ్చి చూడాలి. కాన్సస్ గోధుమ చేల మధ్యనున్న ఈ ఊళ్ళో గడ్డిని నున్నగా పెంచేటన్ని నీళ్ళు ఏనాడూ లేవు. అందుకని గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి, దాన్నే గ్రీన్ అనుకుంటారు. ఆ ఇసుక మీద బంతి సాఫీగా దొర్లాలంటే ముందు ఒక ఇనప పైపును బంతి దగ్గర్నుంచి గుంట దాకా ఈడ్చి దారి చేసుకోవాలి. పాలు పితికి వచ్చినవాడూ, కోత యంత్రం దిగి వచ్చినవాడూ అవే బూట్లతో ఆడతారు. ఆదివారం చర్చి ముగిసేదాకా మాత్రం ఎవరూ కర్ర ముట్టుకోరు.

వెర్లిన్ స్టకీ ఈ ఇసుక మీదే పెరిగాడు. వాళ్ళ నాన్నకు గోల్ఫంటే పని లేనివాళ్ళ పని. కొడుకేమో పనంతా చేసి మరీ ఆడేవాడు కాబట్టి తిట్టడానికి ఆయనకు వీలు చిక్కేది కాదు. పదిహేడేళ్ళకే రాష్ట్రంలోని బడిపిల్లలందరి మీదా గెలిచాడు. విచిటా కాలేజీ వాళ్ళు పిలిచి చదువు చెప్పారు. చదువు సంగతేమో గానీ ఆట మాత్రం బాగా వచ్చింది. దూరం నుంచి అతను కొట్టే బంతి జెండా పక్కన దిగుతుంటే, దించినట్టుగా ఉండేది గానీ పడినట్టుగా ఉండేది కాదు.

లవోన్ అతన్ని కట్టుకునే నాటికి హెస్లర్ బళ్ళో మూడో తరగతికి పాఠాలు చెబుతోంది. పెళ్ళైన మర్నాటి నుంచే వెర్లిన్ కర్రల సంచి ఆమె భుజానికెక్కింది. సంచి మొయ్యడానికి మనిషిని పెట్టుకునే స్తోమత అప్పట్లో లేదు. వచ్చాక కూడా అతను ఇంకొకరిని ఒప్పుకోలేదు. గాలి ఎటు తిరుగుతోందో, జెండా ఎంత దూరమో, నేల ఎటు వాలిందో ఆమె చెబుతుంది, అతను కొడతాడు. సంసారమన్నా అదే, ఆటన్నా అదే.

మూడు శరదృతువులు అర్హత పోటీల్లో అతను ఓడిపోయాడు. నాలుగో ఏడు నెగ్గాడు. పెద్ద పోటీలన్నిట్లో ఆడేందుకు ఏడాది పాటు చెల్లే టూర్ కార్డు చేతికొచ్చింది, బాగా ఆడితే మరుసటేడూ అదే చెల్లుతుంది. ఆ కబురు తెలిసిన రోజు హెస్లర్ రైతుల కో-ఆప్‌లో గోధుమలు తూచే మనిషి తూకం ఆపేసి అందరికీ కాఫీ పోశాడట. రెండేళ్ళు బాగా నడిచింది. ఒకసారి నాలుగో స్థానం. ఒకసారి మూడు రోజులు వరుసగా ముందుండి, ఆఖరి రోజు వెనకబడ్డాడు. పిల్ల పుట్టింది. జనెల్ అని పేరు పెట్టుకున్నారు. ఇల్లు కొనుక్కుందామని కూడా అనుకున్నారు.

ఆ మూడో ఏడు ఒక ఆదివారం, టీవీ కెమెరాలు చూస్తుండగా, పదహారో గుంట దగ్గర వెర్లిన్‌కు రెండడుగుల దూరం మిగిలింది. పసిపిల్ల కూడా వేసే బంతి. అతను బంతిని గుంటలోకి దొర్లించే కర్ర, పట్టర్, వెనక్కి తీశాడు. ముందుకు తెచ్చేలోపు కుడి చెయ్యి తేలు కుట్టినట్టు ఎగిరింది. బంతి గుంటను దాటి నాలుగడుగులు పోయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చెయ్యి ఎగిరింది. మూడోసారి కూడా అంతే. నాలుగోసారి పడింది. జనంలో ఎవరో నవ్వారు, పక్కవాళ్ళు వాళ్ళ నోరు మూయించారు. లవోన్ సంచి పట్టుకుని పక్కనే ఉంది. దూరం అడిగితే చెప్పగలదు, వాలు అడిగితే చెప్పగలదు. అతని చెయ్యిని పట్టుకుని ఆపలేదు కదా.

ఆ జబ్బుకొక పేరుంది. గోల్ఫ్ ఆడి బతికేవాళ్ళు ఆ పేరు నోట పలకరు, కాబట్టి ఇక్కడా రాయడం లేదు. అది వచ్చినవాడి పక్కన నిలబడితే తమకూ అంటుతుందని భయం. నిన్నటిదాకా భుజం మీద చెయ్యేసి మాట్లాడినవాళ్ళు వెర్లిన్ గ్రీన్ మీదికి రాగానే ముఖం తిప్పుకుని చెట్ల వంక చూసేవారు. బట్టలు మార్చుకునే గదిలో అతని పక్క బల్ల ఖాళీగా ఉండేది. లవోన్‌కు వాళ్ళ మీద చాలా కోపం వచ్చేది. పిరికి వెధవలు, వచ్చేది తమకూ వస్తుంది గదా అనుకునేది. మళ్ళీ అలా అనుకున్నందుకు ప్రార్థనలో క్షమాపణ అడిగేది.

విచిత్రం ఏమిటంటే ముప్పై అడుగుల బంతి అతను హాయిగా వేసేవాడు. చిన్నదాని దగ్గరే చెయ్యి మాట వినేది కాదు. అదీ లెక్కలోకి వచ్చేదైతేనే. మోటెల్ గదిలో తివాచీ మీద గ్లాసు పడుకోబెట్టి కొడితే ఒక్కటి తప్పేది కాదు. కర్ర మీద ఎడమ చెయ్యి కిందికి మార్చి పట్టుకుని చూశాడు. గుండెకానించుకునే పొడుగు పట్టర్ కొన్నాడు. బంతిని చూడకుండా గుంటను చూస్తూ కొట్టాడు, కళ్ళు మూసుకుని కొట్టాడు. టాంపాలో హిప్నాటిజం చేసే ఒక పెద్దమనిషి నిద్రపుచ్చి మాట్లాడాడు. ఆయన దగ్గర వెర్లిన్ నిజంగానే నిద్రపోయాడు, లేచాక భార్యతో, ఇన్నాళ్ళకు ఒక మంచి నిద్ర దొరికింది అన్నాడు. డబ్బు తీసుకున్నందుకు ఆయన చేసిన మేలు అంతవరకే.

కార్డు పోయింది. అప్పట్నుంచి అంతా వ్యాను బతుకు. వేసవిలో ఉత్తరాన డకోటాల్లో చిన్న పోటీలు, చలికాలం ఫ్లోరిడాలో ఇంకా చిన్న పోటీలు, శరదృతువు రాగానే అర్హత పోటీలు. ప్రతిసారీ చివరి రోజున, చివరి గుంటల్లో, ఎక్కడో ఒక చిన్న బంతి. జనెల్ ఒక బడిలో కూడికలు మొదలుపెట్టి, మరో రాష్ట్రంలో తీసివేతల మధ్యలో చేరేది. ఏటా మానేద్దామనేవాడు, ఏటా ఇంకొక్కసారి అనేవాడు. అతని ఆట నిజంగానే చెడిపోయి ఉంటే లవోన్ ఎప్పుడో గట్టిగా చెప్పేది. దూరాన్నుంచి బంతి ఇప్పటికీ జెండా పక్కనే దిగుతుంటే ఏ నోటితో చెబుతుంది? కక్కలేక మింగలేక పదేళ్ళు గడిచాయి.

వెర్లిన్‌కు ముప్పైతొమ్మిది వచ్చిన ఏడాది, జూలైలో, గోధుమ కోతలయ్యాక హెస్లర్ వచ్చారు. అక్కడ లవోన్‌ను వెతుక్కుంటూ బడి పెద్దయ్య ష్రాగ్ గారొచ్చారు. మూడో తరగతి పంతులమ్మ మానేసింది, నీ గది నీకే ఇస్తాను, నెల మధ్యలోగా చెప్పు అన్నారు. ఆ మాట వినగానే లవోన్‌కు ఒళ్ళంతా నీరసం కమ్మింది. చాలాసేపు మోసిన బరువు దించబోయేముందు వచ్చే నీరసం అది. వెర్లిన్‌ను కూర్చోబెట్టి మాట్లాడింది.  అతనే ఒక దారి చెప్పాడు. కోతలయ్యాక ఊళ్ళో ఏటా జరిగే పోటీలో ఆడతాను, జనం ముందు, గెలవాలంటే పడి తీరాల్సిన చిన్న బంతి ఒక్కటి వేస్తే అక్టోబరులో మళ్ళీ అర్హత పోటీకి ఫ్లోరిడా వెళదాం. తప్పితే ఇక్కడే ఉండిపోదాం, కో-ఆప్‌లో పని చూసుకుంటాను అన్నాడు. సరేనంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వెర్లిన్ రచ్చంతా ఓడి ఇంటికొచ్చాడు, ఇల్లైనా తీర్పు చెబుతుందని.

ఊరి పోటీ ఇద్దరిద్దరి మధ్య జరుగుతుంది. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే ఆ గుంట, ఎక్కువ గుంటలు గెలిచినవాడు ముందుకి, ఓడినవాడు ఇంటికి. వెర్లిన్ ఆట ఆడి బతికేవాడు కాబట్టి ఎదుటివాడికి ప్రతి గుంట దగ్గరా ఒక దెబ్బ తగ్గించి లెక్కేశారు. ఇలాంటి పోటీలో ఇంకో పద్ధతి ఉంది. ఎదుటివాడి బంతి గుంటకు దగ్గరగా ఉంటే, ఎలాగూ పడుతుందిలే అని, 'ఇచ్చేశాను, తీసుకో' అనొచ్చు. అప్పుడిక కొట్టే పని లేదు, పడినట్టే లెక్క. పెద్ద పోటీల్లో ఇచ్చేవాడుండడు, ప్రతి బంతీ గుంటలో పడి తీరాల్సిందే.

మొదటి ఆటలో అవతలివాడు రెండుసార్లు ఇచ్చేశాడు. లవోన్ పట్టించుకోలేదు, మర్యాద అనుకుంది. రెండో ఆట ముసలి మెనో వెడెల్‌తో. మెనో సంగతి ఊరందరికీ తెలుసు. సొంత మనవడికి కూడా జానెడు బంతి ఇవ్వని మనిషి. పొలం గట్టు దగ్గర నుంచి చర్చి కుర్చీ దాకా ఎవరికీ అంగుళం వదిలి ఎరగడు. అటువంటి మెనో, వెర్లిన్ బంతి నాలుగడుగుల అవతల ఆగితే, ఇంకా పైపు ఈడ్వకముందే, తీసుకోరా అబ్బాయ్ అని పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. అప్పుడర్థమైంది లవోన్‌కు. ఊళ్ళో ఎవరికీ చెప్పని ఆ చెయ్యి సంగతి ఊరందరికీ తెలుసు.

ఫైనల్లో వెర్లిన్ ఎదుట నిలిచింది గేలెన్ ఉన్రూ, లవోన్ అన్న. పాడి మనిషి. ఇసుక మీద వెర్లిన్‌తో పాటు చిన్నప్పట్నుంచి ఆడినవాడు. ఆ శనివారం తెల్లవారగానే లవోన్ అన్నగారి పశువుల కొట్టానికి వెళ్ళింది. గేలెన్ ఆవు పొదుగు కడుగుతున్నాడు.

"అన్నయ్యా, ఇవాళ ఆయనకి ఏదీ ఇచ్చెయ్యకు" అంది.

గేలెన్ తలెత్తలేదు. "ఇవ్వకపోతే ఏమవుద్దో తెలుసుగా నీకు."

"తెలీదు. అది తెలుసుకోడానికే."

"ఆ రోజు మేమంతా కో-ఆప్‌లో కుర్చీలేసుకుని మరీ చూశామే టీవీలో. ఊరు ఊరంతా. మళ్ళీ ఇన్నేళ్ళలో ఒక్కడు ఆ మాటెత్తలేదు. నేను మీ వదినతో కూడా అనలేదు."

 పదేళ్ళుగా తాము దాచిపెట్టామనుకున్నదాన్ని ఊరంతా దాచిపెట్టింది. ఇటువంటి దయను ఏమనాలో, తిట్టాలో దణ్ణం పెట్టాలో ఆమెకు తెలియలేదు. అప్పుడు తమ ఒప్పందం సంగతి మొత్తం చెప్పింది. బడి సంగతీ చెప్పింది.

"మీరంతా ఇలా ఇచ్చుకుంటా పోతే మాకేదీ తేలదన్నయ్యా. ఏడాదేడాదికీ ఇదే బతుకు."

"ఇంతకీ నీకేం కావాలి? పడాలా, తప్పాలా?"

"తేలాలి" అంది.

అది సగం నిజం. తప్పితే బావుణ్ణని ఆమెకు లోపల ఎక్కడో ఉంది. ఉన్నందుకు సిగ్గూ ఉంది. అదే మనసు రాత్రంతా దేవుణ్ణి పడేలా చెయ్యమనే అడిగింది. రెండూ నిజమే, ఏం చెయ్యమంటారు? గేలెన్ ఆవు వీపు మీద చెయ్యి వేసి, సరే, ఇవ్వను అని మాటిచ్చాడు.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు గొడుగులేసుకున్నారు, మగవాళ్ళు టోపీలు ముందుకు లాక్కున్నారు. బావలిద్దరూ ఆట మొదలుపెట్టారు. పాల డబ్బాలు మొయ్యడం తప్ప నీకేం వచ్చు బావా అని వెర్లిన్, నీ బంతి మా ఆవుకి తగిల్తే నువ్వే మేపాలి బావా అని గేలెన్. కాసేపు చిన్నప్పటిలాగే నవ్వుకున్నారు. వెర్లిన్ ఆ రోజు ఎంత అందంగా ఆడాడంటే, లవోన్ సంచి బరువు మరిచిపోయింది. దూరం బంతులు పడితే పడ్డాయి, లేకపోతే గుంట అంచు మీద ఆగాయి. కొన్ని గుంటలు గేలెన్ తన తగ్గింపు దెబ్బతో ముందే గెలిచేశాడు. రెండు మూడడుగుల చిన్న బంతి, చెయ్యికి పరీక్ష పెట్టేది, ఒక్కటీ రాలేదు. అది రాకుండానే ఆట ముగిసిపోతే ఎలాగని ఆమెకు ఒక దిగులు, వస్తే ఎలాగని ఇంకో దిగులు.

ఆఖరి గుంటకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. గేలెన్ తన ఆట ముగించి పక్కకు జరిగాడు. వెర్లిన్ దూరం నుంచి కొట్టిన బంతి ఇసుక మీద దొర్లి గుంటకు ఇవతల ఆగింది. రెండడుగులు. వేస్తే గెలుపు. తప్పితే ఇద్దరూ మళ్ళీ సమానం, మరో గుంట ఆడాలి. కానీ వెర్లిన్‌కూ లవోన్‌కూ ఆ తర్వాతి గుంటతో పని లేదు. పదేళ్ళుగా వాళ్ళడుగుతున్న ప్రశ్నకు జవాబు ఈ రెండడుగుల్లో ఉంది.

వెర్లిన్ పైపు తీసుకుని దారి చేశాడు. అంత చిన్న దారికి రెండుసార్లు ఈడ్చాడు. గేలెన్ నోరు మెదపలేదు. జనంలో ఒకరిద్దరు గేలెన్ వైపు చూశారు, ఇంకా ఇవ్వడేం అన్నట్టు. మెనో అయితే గట్టిగానే దగ్గాడు. గేలెన్ దవడ బిగించి చేలవైపు చూస్తూ నిలబడ్డాడు.

వెర్లిన్ బంతి ముందు నిలబడ్డాడు. లవోన్ అతనికి ఎదురుగా కొంచెం పక్కన ఉంది. అతని చేతులు కనిపిస్తున్నాయి. వేళ్ళు పట్టర్ మీద సర్దుకున్నాయి, మళ్ళీ సర్దుకున్నాయి. కుడి మణికట్టులో నరం కొట్టుకుంటోంది. అతను పట్టర్ వెనక్కి తియ్యలేదు. నిలబడ్డాడు. ఇంకా నిలబడ్డాడు. ఒక పసిపిల్లాడు ఏడిస్తే తల్లి ఎత్తుకుని దూరం తీసుకుపోయింది. వెర్లిన్ కళ్ళు బంతి మీద నుంచి జారి, తల కదలకుండానే, గేలెన్ బూట్ల దాకా వెళ్ళి వచ్చాయి. లవోన్ తప్ప ఎవరూ దాన్ని చూసి ఉండరు. ఆమె పళ్ళు బిగించి, కొట్టు, ఏదోటి కానీ, కొట్టు అని లోపల్లోపలే అంటోంది.

"చాలు బావా" అన్నాడు గేలెన్. "ఇచ్చేశాను. తీసుకో. నువ్వే గెలిచావ్."

వెర్లిన్ వంగి బంతి తీసుకున్నాడు. తీసుకుని నిటారుగా నిలబడ్డాక, "కొట్టనివ్వాల్సింది బావా" అన్నాడు.

ఆటలో ఒకసారి ఇచ్చేశానన్న మాట వెనక్కి తీసుకునేది కాదు, పుచ్చుకునేవాడు వద్దనేదీ కాదు. కాబట్టి ఆట ముగిసింది. జనం చప్పట్లు కొట్టారు. ముసలి మెనో కళ్ళు తుడుచుకుంటూ కొట్టాడు. అందరూ చాలా మంచి పని జరిగినట్టు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ కళ్ళకు అది మంచి పనే. లవోన్ మాత్రం మొగుడి ముఖాన్నే చూస్తోంది. మాట వినపడిన క్షణంలో, వంగకముందు, ఆ ముఖం విప్పారింది. పంతులు కొట్టకుండా వదిలేసిన పిల్లాడి ముఖం అలాగే ఉంటుంది. అతను గేలెన్‌తో మాట్లాడిన మాట ఆ తర్వాతది. బంతి అప్పటికే జేబులో ఉంది.

పైపులు పెట్టే కొట్టు వెనకాల గేలెన్ చెల్లెల్ని పట్టుకున్నాడు.  

"నువ్వు ఇక్కడుంటే నాకంటే సంతోషించేవాడెవడే? తప్పుతాడనే తెలుసు నాకు. నోరు మూసుకుంటే చాలు, నువ్వు ఇంట్లో ఉండేదానివి. అదీ తెలుసు. నా వల్ల కాలేదు లవోన్."

"తెలుసన్నయ్యా" అంది. అన్నను కొట్టాలనిపించింది, అన్న భుజం మీద తల పెట్టి ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా సంచి సర్దుకుంది.

సాయంత్రం చర్చి హాల్లో భోజనాలు. పంది మాంసం, మీగడ పులుసు పోసిన వెరెనికి కుడుములు, జ్వీబాక్ రొట్టెలు. వెర్లిన్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. చాలాకాలానికి అతను అలా తినడం చూసింది లవోన్. ఇంటికి పోతుంటే జనెల్ వ్యాను వెనక సీట్లో నిద్రపోయింది. కొంతదూరం పోయాక వెర్లిన్ మాట్లాడాడు.

"తప్పితే మానేద్దామనుకున్నాం. తప్పలేదుగా."

"తప్పలేదు."

"బావ తొందరపడ్డాడు. వేసేసేవాణ్ణే లవోన్. చేతులు నిలకడగానే ఉన్నాయి. నువ్వక్కడే ఉన్నావు, చూశావుగా?"

లవోన్ కిటికీలోంచి కోసేసిన చేలను చూసింది. ఇప్పుడు నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు, అంతా అయిపోతుంది. నీ కళ్ళు ఎక్కడికి వెళ్ళాయో చూశాను అంటే చాలు. అన్న వల్ల కాని పని తన వల్ల అవుతుందేమోనని తనను తాను ఒకసారి అడిగి చూసుకుంది.

"చూశాను" అంది. "ఫ్లోరిడా అంటే ముందు టైర్లు మార్పించాలి. ఇవి అంత దూరం రావు."

సోమవారం పొద్దున్నే ష్రాగ్ గారికి ఫోన్ చేసి, మూడో తరగతికి ఇంకెవర్నైనా చూసుకోమంది. ఆయన కాసేపు బాధపడ్డారు. తర్వాత, మీ ఆయన గెలిచాడటగా, ఊరంతా చెప్పుకుంటున్నారు, చాలా సంతోషమమ్మా అన్నారు.

"అవునండీ" అంది లవోన్. "గెలిచాడు."